ప్రశ్నల సంఖ్య కాదు, ప్రశ్న చూడాలి
పార్లమెంటులో ఎన్ని ప్రశ్నలు వేశారు, ఎటు ఓటేశారు అన్నదే ఎంపీ పనితీరుకు కొలమానం అని ఇక్కడ వచ్చిన వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. లోక్‌సభలో మంత్రి లేచి జవాబు చెప్పాల్సిన నక్షత్రం గుర్తు ప్రశ్నలు రోజుకు 20 మాత్రమే. రాతపూర్వక జవాబుతో సరిపెట్టేవి 230 దాకా ఉంటాయి, వాటి మీద ఎదురు ప్రశ్న (అనుబంధ ప్రశ్న) అడిగే వీలే లేదు. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర పల్లె. ఫ్లోరైడ్ నీళ్లు తాగీ తాగీ మా పెద్దమ్మ నడుం వంగిపోయింది, తలెత్తి మనిషి మొహం చూడాలంటే గోడ పట్టుకునేది. అలాంటి వాళ్ల వైద్యం సంగతేంటని ఒక్క సూటి ప్రశ్న, దాని మీద గట్టిగా ఒక అనుబంధ ప్రశ్న అడిగితే చాలు నాకు. దేశమంతటి లెక్కలు అడిగే వంద ప్రశ్నల కన్నా అదే ఎక్కువ. ఇక ఎంపీ సభలో వేసిన ఓట్ల రికార్డు చూడమన్నారు. చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే, అంటే నోటితో అవును, కాదు అనిపించడంతోనే అయిపోతాయి, ఎవరు ఎటు అన్నారో పేరుపేరునా నమోదు కాదు. డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టి నమోదు చేసే ఓటింగ్, జరిగితేనే తెలుస్తుంది. అప్పుడు కూడా పార్టీ విప్ (ఇలాగే ఓటేయాలన్న ఆదేశం) ఇస్తే, పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చిన 1985 నుంచి, కాదని ఓటేస్తే సభ్యత్వానికే ముప్పు. ప్రశ్నలు, జవాబులు లోక్‌సభ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. సంఖ్య చూసి ఆగిపోకుండా మన ఎంపీ వేసిన ప్రశ్నలు నాలుగు తెరిచి చదవండి.