బీట్‌రూట్‌కు పెద్దపీట

ప్యారిస్‌లో రోదాన్ మ్యూజియానికి దగ్గర్లో లార్పెజ్ అనే రెస్టారెంట్ ఉంది. అక్కడ బాగా పేరుపడిన వంటకాల్లో ఒకటి బీట్‌రూట్. దుంపను తొక్కతోనే, ఫ్రాన్స్‌లోని గెరాండ్ ప్రాంతపు సముద్రపు ఉప్పులో పూడ్చి ఓవెన్‌లో కాలుస్తారు. తర్వాత గట్టిపడిన ఆ ఉప్పు పెంకు పగలగొట్టి వడ్డిస్తారు. రాత్రి భోజనానికి మనిషికి 400 యూరోల పైమాటే. కూరగాయలకు అంత ధరా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకు మాత్రం అది అన్యాయమని అనిపించదు.

ఆ రెస్టారెంట్‌ను 1986లో తెరిచిన అలాన్ పస్సార్ మాంసం కాల్చడంలో ఆరితేరిన షెఫ్. 1996లో మూడో మిషెలిన్ స్టార్ వచ్చింది; రెస్టారెంట్లకు మిషెలిన్ గైడ్ ఇచ్చే అత్యున్నత గుర్తింపు అదే. 2001లో ఆయన రెడ్ మీట్‌నే మెనూలోంచి తీసేశారు. అయినా స్టార్లు పోలేదు. మరుసటి ఏడు ఫ్రాన్స్‌లోని సార్త్ ప్రాంతంలో సొంత తోట వేశారు, ఆ తర్వాత మరో రెండు చోట్ల. ఒకచోట ఇసుక నేల, ఇంకోచోట బంకమన్ను. ఏ నేలకు నప్పే పంట ఆ నేలలోనే. గుర్రంతో దున్నించారు. పొద్దున కోసిన కూరలు రైలెక్కి మధ్యాహ్నానికి వంటింటికి చేరేవి. మనం కట్టే డబ్బు ఈ శ్రమంతటికీ. 2025లో చేపలు, గుడ్లు, పాలు కూడా మానేశారు. సొంత తేనె ఒక్కటే ఉంచుకున్నారు.

న్యూయార్క్‌లో ఎలెవెన్ మాడిసన్ పార్క్ అనే రెస్టారెంట్ 2021లో మెనూను వీగన్‌గా, అంటే మాంసం, చేపలు, గుడ్లు, పాలు లేకుండా మార్చింది, 2025లో మళ్లీ మాంసం తెచ్చింది. ఖర్చులూ ఆదాయమూ ఒక కారణమే. కానీ మొదట్లోనే విమర్శకులు ఒక లోపం పట్టుకున్నారు: బాతు ఉండాల్సిన చోట బీట్‌రూట్‌ను కూర్చోబెట్టారని. కూరగాయ తన రుచితో నిలబడాలి గానీ, మాంసానికి బదులుగా వస్తే ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది.

హైదరాబాద్ స్టార్ హోటళ్లలో నన్ను బాధపెట్టేదీ ఇదే. వెజ్ అంటే పనీర్, మష్రూమ్, బేబీ కార్న్. పొట్లకాయ, కంద, దొండకాయ కనిపించడమే అరుదు. గోదావరి జిల్లాల్లో పనసపొట్టు కొట్టడం చూసినవాళ్లకు తెలుసు, ఆ కత్తి పనికి ఎంత నేర్పు కావాలో. చేతికి నూనె రాసుకుని, జిగురుతో పెనుగులాడుతూ, సన్నగా, ఒకే తీరుగా కొట్టాలి. దానికి ఆవ పెట్టడం ఇంకో విద్య. కాస్త ఎక్కువైతే చేదెక్కుతుంది. మన హోటళ్లు ఆ కూరను బఫే చివర్న ఒక గిన్నెలో పెట్టకుండా, ప్రధాన వంటకంగా, కాయ ఏ ఊరి చెట్టుదో చెప్పి వడ్డించాలి. పొట్టు కొట్టిన మనిషికి దక్కే కూలి కూడా ఆ ధరలో కలవాలి.