చిట్టడవికి మన తీరం మొక్కలే కావాలి

పట్టణంలో కాస్త ఖాళీ జాగా కనబడితే మియావాకీ అడవి, అంటే మొక్కలను ఒత్తుగా నాటి వేగంగా ఎదిగించే చిట్టడవి, పెంచుదామన్న మాట ఇప్పుడు పురపాలక సమావేశాల్లోనూ, అపార్ట్‌మెంట్ సంఘాల్లోనూ తరచుగా వినిపిస్తోంది. ఆలోచన మంచిదే, నెల్లూరు, ఒంగోలు వంటి ఎండ ఊళ్లకు అవసరమైనదే. అయితే ఏ మొక్క నాటాలి, ఏ నెలలో నాటాలి అన్న విషయంలో మనం ఇప్పటికీ వేరే ప్రాంతాల లెక్కనే అనుసరిస్తున్నాం.

జపాన్ వృక్షశాస్త్రవేత్త అకీరా మియావాకీ (1928-2021) తన దేశంలోని పాత ఆలయాల చుట్టూ మిగిలిన వనాలను గమనించి, మనిషి జోక్యం లేకపోతే ఆ నేలలో సహజంగా ఏ అడవి పెరిగేదో ముందు తేల్చుకున్నాడు. ఆ జాతుల మొక్కలనే, పొదల నుంచి మహావృక్షాల దాకా కలగలిపి, చదరపు మీటరుకు మూడు నాలుగు చొప్పున దగ్గర దగ్గరగా నాటించాడు. నెల్లూరు కొలతలో చెప్పాలంటే పదిహేను అంకణాల (సుమారు వంద చదరపు మీటర్ల) స్థలంలో మూడు వందలకు పైగా మొక్కలు పడతాయి. వెలుతురు కోసం పోటీపడి అవి వేగంగా పైకి లేస్తాయి. మన దగ్గర ఈ పద్ధతిలోని దగ్గరదనాన్ని మాత్రమే తీసుకుని, అసలు మొదటి మెట్టయిన స్థానిక అడవి పరిశీలనను వదిలేస్తున్నారు. కోనోకార్పస్, తురాయి, నిద్రగన్నేరు వంటి బయటి దేశాల మొక్కలను కలిపి ఎంత ఒత్తుగా నాటినా అది మియావాకీ అడవి కాదు.

నిజానికి ఈ పద్ధతికి మన తీరం చక్కగా సరిపోతుంది. కోరమాండల్ తీరం వెంబడి ఒకప్పుడు విస్తరించిన పొడి సతతహరిత అడవి (వాన తక్కువైనా ఏడాది పొడవునా పచ్చగా ఉండే అడవి) ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోటలో ఇప్పటికీ మిగిలి ఉంది. అక్కడి పాలపండ్ల చెట్టు, కొమ్మను అంటిపెట్టుకుని నీలంగా పూసే అల్లి, నేరేడు, బలుసు, కలివి, అడవినిమ్మ ఇసుక నేలలోనే ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి పెరుగుతాయి. వాటిలో చాలావాటి ఆకులు చిన్నవి, దళసరివి, కాబట్టి రోహిణి కార్తెలోనూ అడవి పచ్చగానే ఉంటుంది. నీరు నిలిచే పల్లానికి నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టుకునే కడప చెట్టు ఉండనే ఉంది.

చిక్కల్లా నారు దగ్గరే వస్తుంది. నర్సరీకి వెళ్లి అల్లి, పాల మొక్కలు అడిగితే దొరకడం కష్టం. అమ్ముడుపోని మొక్కను వాళ్లు మాత్రం ఎందుకు పెంచుతారు? పైగా నేరేడు, వేప గింజలు కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తిని కోల్పోతాయి కనుక పండు రాలిన వెంటనే సంచుల్లో వేయాలి. అంటే అడవి నాటాలనుకున్న ఏడాదికి ముందే గింజల సేకరణ మొదలవ్వాలి. ఏ పొద ఎప్పుడు కాస్తుందో శ్రీహరికోట అడవుల్లో తరతరాలుగా బతికిన యానాదులకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఆ పనిని వారికి అప్పగించి సరైన కూలి చెల్లిస్తే, ఈ ప్రయత్నంలో అంతకంటే న్యాయమైన ఖర్చు మరొకటి ఉండదని నా అభిప్రాయం.

ఇక కాలం సంగతి. దేశమంతటా వనమహోత్సవం జులైలో జరుగుతుంది, మనమూ అప్పుడే గుంతలు తీస్తాం. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల్లో. జులైలో నాటిన లేత మొక్క మూడు నెలలు ట్యాంకరు కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. వనభోజనాలకు వెళ్లే కార్తీకమాసమే ఇక్కడ మొక్క నాటడానికి అనువైన కాలం. వేసవి అంతా నేలను మీటరు లోతున తవ్వి, రైస్‌మిల్లుల ఊక, పశువుల ఎరువు కలిపి సిద్ధం చేసుకోవచ్చు. ఒంగోలు నల్లరేగడిలో నీరు నిలవకుండా మట్టిని ఎత్తుగా పోయాలి. నాటిన తర్వాత వరిగడ్డి మందంగా పరచాలి.

మొదటి రెండు మూడు వేసవులు నీటి అవసరం ఎక్కువ. పదిహేను అంకణాలకు ఎండాకాలంలో రోజుకు 500 లీటర్ల దాకా పట్టవచ్చు. తాగునీటికే ట్యాంకర్లు తిరిగే ఊళ్లో ఈ మాట ముందే చెప్పకపోవడం మోసమే అవుతుంది. బడిలో మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లలు కంచాలు కడిగే నీటిని చిన్న కాలువతో మళ్లించవచ్చు. అపార్ట్‌మెంట్లలో స్నానాల నీటిని శుద్ధి చేసి వాడవచ్చు. ఆ వీలు కూడా లేనిచోట చిట్టడవి తలపెట్టకపోవడమే మేలు. కనిగిరి, మార్కాపురం వైపు మెట్టలో సహజంగా పెరిగేదే పలచని పొదల అడవి గనుక అక్కడ ఇంత ఒత్తుగా నాటితే మొక్కలు నీటి కోసం ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

ఇళ్ల మధ్య పొదలు పెంచితే పాములు చేరతాయన్న భయాన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. చుట్టూ కంచె, కంచెకు బయట శుభ్రంగా చదును చేసిన బాట ఉంచాలి. ఎలుకలను పిలిచే చెత్తను లోపల పడనివ్వకూడదు. కరెంటు తీగల కింద స్థలాన్ని అసలు ఎంచుకోకూడదు.

ఇవన్నీ జరగాలంటే గుత్తేదారు ఒప్పందం మారాలి. నాటిన మొక్కల సంఖ్యను చూసి బిల్లు చెల్లించినంత కాలం గుంతలే మిగులుతాయి. సొమ్ములో సగాన్ని ఆపి, మూడో వేసవి గడిచాక ఆ వీధివాళ్లను, బడి ఉపాధ్యాయులను వెంటబెట్టుకుని బతికిన మొక్కలను జాతుల వారీగా లెక్కించి, ఆ లెక్క ప్రకారమే మిగతాది విడుదల చేయాలి.