కడబంతి లేని బంతి

నల్లగొండ జిల్లాకు సముద్రం లేదు. సాగర్ ఉంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిన ఆ ప్రాజెక్టు నీళ్లనే సముద్రం అనుకొని రెండు తరాలు సరిపెట్టుకున్నాయి. లాంచీ ఎక్కి నాగార్జునకొండ దాకా పోవడం, మ్యూజియంలో రాతిబొమ్మల పక్కన ఫొటో దిగడం, చెట్టు కింద టిఫిన్ గిన్నె విప్పి పులిహోర తినడం, పొద్దుగూకక ముందే ఒడ్డుకు రావడం. జలవిహారం అంటే అంతే. పక్క చెట్టు కింద కూర్చున్న కుటుంబం ఎవరైతే మనకేం? వాళ్ల పులిహోర వాళ్లది.

ఇప్పుడు చౌటుప్పల్ దగ్గర ప్లాటు అమ్మినవాళ్లు, రిటైరైన టీచరు దంపతులు, అమెరికా కొడుకు టికెట్లు బుక్ చేసి పంపిన తల్లిదండ్రులు అందరూ ముంబయి పోయి గోవా, కొచ్చి, లక్షద్వీప్ దిక్కు తిరిగే ఓడ ఎక్కుతున్నారు. ముంబయి దారి పాలమూరుకు కొత్తదేమీ కాదు. నారాయణపేట, మక్తల్ దిక్కు నుంచి పలుగూ పారా మూటగట్టుకొని ఆ బస్సెక్కినవాళ్ల మనవలు కొందరు ఇవాళ చక్రాల పెట్టె లాక్కుంటూ అదే ఊళ్లో దిగుతున్నారు. అది వేరే వ్యాసం. ఇక్కడ చర్చించాల్సిన గంభీరమైన విషయం రాత్రి భోజనం.

తెలియనివాళ్ల పక్కన కూర్చొని తినడంలో దక్షిణ తెలంగాణకు సాటి లేదు. మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో ఏ ఫంక్షన్ హాలుకైనా పోయి చూడండి. తింటున్న మనిషి కుర్చీ వెనకాల నిలబడాలి. అతని ప్లేటులో పెరుగు కనిపించగానే కుర్చీ వెన్ను మీద చెయ్యి వేయాలి. అతను సగం లేవగానే దస్తీ పరవాలి. ఆ తర్వాత బగారా అన్నం, మటన్, పచ్చిపులుసు, పెరుగు. మొత్తం ఇరవై నిమిషాలు. పక్క మనిషితో మాట్లాడాల్సిన మాట ఒక్కటే: "అన్నా, జర ఆ ఉల్లిగడ్డ ఇటియ్యి." అతని పేరు తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. చెయ్యి కడిగాక ఈ జన్మకు మళ్లీ కనిపించడు. అపరిచితుడితో అన్నం తినడానికి ఇంతకంటే నాగరికమైన పద్ధతి మనుషులు ఇంకా కనిపెట్టలేదు.

ఓడవాళ్లు దీన్ని చెడగొట్టారు. ఇరవై నిమిషాలను గంటన్నర చేశారు. కుర్చీ వెనకాల నిలబడేవాణ్ని తీసేశారు. లేచిపోయిన మనిషిని రేపు రాత్రి మళ్లీ అదే కుర్చీలో తెచ్చి కూర్చోబెట్టారు.

పద్ధతి ఇదీ. ఓడ ఎక్కే ముందు చేతికి ఒక కార్డు ఇస్తారు. గది తాళం అదే, పర్సు అదే, గుర్తింపు కాగితం అదే. టేబుల్ ముందే కేటాయించే ఓడల్లో భోజనం విడత, టేబుల్ నంబరు కూడా తరచు దాని మీదే ఉంటాయి. (కొన్ని ఓడల్లో ఎప్పుడైనా వచ్చి ఎక్కడైనా కూర్చోవచ్చు. వాళ్లు అదృష్టవంతులు, వాళ్లకు ఈ వ్యాసం అక్కర్లేదు.) మొదటి విడత సాయంత్రం ఆరు ప్రాంతంలో, రెండోది ఎనిమిది దాటాక. ఆరు గంటలంటే మన దిక్కు మిరపకాయ బజ్జీల వేళ. అన్నం వేళ కాదు. అయినా పిల్లలు నిద్రపోతారని చాలామంది మొదటి విడతే రాయించుకుంటారు. పది గంటలకు పిల్లలు ఎటూ నిద్రపోరు, పెద్దల కడుపులు మాత్రం లేస్తాయి.

టేబుళ్లు నలుగురివి, ఆరుగురివి, ఎనిమిది మందివి, ఒక్కోసారి పదిమందివి. నలుగురు కుటుంబంగా వెళ్తే ఎనిమిది మంది టేబుల్‌కు పంపడం మామూలు. మిగిలిన నాలుగు కుర్చీల్లో ఎవరు కూర్చోవాలో కంప్యూటర్ చూస్తుంది. మన ఊళ్లలో ఏ బంతిలో ఎవరు కూర్చోవాలి, ఎవరు ఏ అరుగు దాకా రావచ్చు అన్న లెక్క ఊరంతటికీ కంఠతా వచ్చు. ఓడ కంప్యూటర్‌కు ఆ చదువు లేదు. దానికి ఇంటిపేర్లు చదవడమే రాదు. గది నంబరు, తలల లెక్క, విడత చూసి కూర్చోబెడుతుంది. ఇంత బాధ్యతారాహిత్యం ఏ పెళ్లిలోనూ చూడం.

అందుకే ఆ లోటును టేబుల్ దగ్గరే పూడ్చుకోవాల్సి వస్తుంది. అవతలివాళ్లు తెలుగువాళ్లని తేలితే విచారణ సూప్ రాకముందే మొదలవుతుంది. "ఏ ఊరు?" అన్నది మొదటి ప్రశ్న. "హైదరాబాద్" అన్న జవాబు చెల్లదు. "హైదరాబాద్ సరే, అసలు ఊరు?" అని మళ్లీ వస్తుంది. జిల్లా చెప్తే మండలం, మండలం చెప్తే ఊరు. ఊరు దొరికాక, "ఆ ఊర్ల పటేలు మీకేమైతడు?" అన్న ప్రశ్న గాలం లాంటిది. ఏమీ కాడంటే ఒక జవాబు, మేనమామ అంటే ఇంకో జవాబు. అయినా తేలకపోతే ఇంటిపేరు. ఇంటిపేరుతోనూ తేలకపోతే, అంటే నాలుగు కులాల్లోనూ ఉండే ఇంటిపేరైతే, "పెండ్లి ఏ ఊరి నుంచి చేసుకున్నరు?" అనే బ్రహ్మాస్త్రం ఉంది. రొట్టె బుట్ట వచ్చేసరికి ఫైలు మూసేస్తారు. ఇదంతా అడిగిన పెద్దమనిషే చివర్న, "గివన్నీ ఈ రోజులల్ల ఎవరు చూస్తున్నరు తియ్యండి" అంటాడు. ఆ మాటలో అబద్ధం లేదు. చూడడం అయిపోయింది కాబట్టే అన్నాడు.

ఎదురుగా గుజరాతీ జైన కుటుంబం పడితే విచారణ సాగదు, విచారం మొదలవుతుంది. వాళ్లు ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. నేల లోపల పెరిగే దుంపలూ ముట్టరు. నియమంగా ఉండేవాళ్లు పొద్దుగూకితే తినరు, అందుకే మొదటి విడతలో కనిపిస్తారు. "ఆలుగడ్డ కూడ తినరా? పాపం, షుగరా?" అని మన వదినె జాలిపడుతుంది. వాళ్లు జైన భోజనం కావాలని బుకింగ్ నాడే చెప్పి రాయించుకొని వచ్చారు, వాళ్ల ప్లేటు వేళకు వస్తుంది. "ఓడలో అన్నీ దొరుకుతయి" అనుకొని ఏమీ చెప్పకుండా ఎక్కిన మనవాళ్లు శనివారం ఒక్కపొద్దని వెయిటర్‌కు సైగలతో వివరిస్తుంటారు. జాలి ఎటునుంచి ఎటు పోవాలో అప్పటికి తేలదు.

ఇక రొట్టె. గుండ్రని టేబుల్ మీద చిన్న ప్లేటు ఎడమ పక్కది మనది, గ్లాసు కుడి పక్కది మనది. ఎడమ చెయ్యి అన్నానికి పనికిరాదని పుట్టినప్పటి నుంచి నేర్చుకున్న మనిషి చెయ్యి కుడి పక్క ప్లేటు మీదికే పోతుంది. అక్కడ ప్రమాదం ఉంది. ఒకరు కుడి ప్లేటు తీసుకుంటే ఆ ప్లేటు అసలు మనిషి తన కుడిదానికి పోతాడు. అతని పక్కవాడూ అంతే. తప్పు టేబుల్ చుట్టూ తిరిగి, మొదటి మనిషికి ఎడమన కూర్చున్న ఎనిమిదోవాడి దగ్గర ఆగుతుంది. అతని కుడి ప్లేటు ఖాళీగానే ఉంది, కానీ అది మొదటి మనిషిది. అతని ఎడమ ప్లేటులో అప్పటికే ఇంకొకరి వెన్న ఉంది. మొత్తం టేబుల్‌లో పద్ధతి తప్పని ఒకే ఒక్క మనిషి రొట్టె లేకుండా మిగులుతాడు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. ఆ మౌనం రెండో రాత్రి దాకా ఉంటుంది.

ఆలస్యానికి కారణమూ తెలుసుకోవాలి. ఆర్డరు అందరిదీ కలిపి తీసుకుంటారు. ఒక వరస ప్లేట్లు టేబుల్ అంతటా ఖాళీ అయితే తప్ప వంటింటి నుంచి తర్వాతి వరస కదలదు. ఎనిమిది మందిలో ఒక్కరు సలాడ్‌లోని ఆకులను ఏం చేయాలో తెలియక కదిలిస్తూ కూర్చుంటే మిగతా ఏడుగురి అన్నం ఆగిపోతుంది. విధానం ఇది: వద్దనుకున్న ప్లేటులో చెంచా, ఫోర్కు పక్కపక్కన ఆనించి పెట్టాలి, తీసుకుపోతారు. అడ్డదిడ్డంగా వదిలితే ఇంకా తింటున్నట్టే లెక్క. ఆలస్యంగా వచ్చిన కుటుంబం వల్ల ఇంకా నష్టం, ఎందుకంటే వెయిటర్ వాళ్ల కోసం కాసేపు ఆగుతాడు. మన కాలమానం ప్రకారం ఆరున్నరకు రావడమంటే ముందుగా వచ్చినట్టే కదా.

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే" అన్న సామెత కూడా ఇక్కడ చెల్లదు. కడబంతి లేదు. వడ్డించేవాడు ఫిలిప్పీన్స్ నుంచో ఇండోనేసియా నుంచో గోవా నుంచో వచ్చిన పిల్లగాడు. అయితే అతన్ని మనవాణ్ని చేసుకోవడం కష్టమేమీ కాదు. అన్ని రాత్రులూ అతనే వస్తాడు. పేరు పెట్టి పిలవండి. పచ్చిమిరపకాయలు, పెరుగు, నిమ్మచెక్క మొదటి రాత్రే అడగండి. రెండో రాత్రి అడగకముందే తెచ్చిపెడతాడు. అన్నం వంటకం చాలకపోతే చాలా ఓడల్లో ఇంకో ప్లేటు అడగొచ్చు, డబ్బు పడదు. కూల్‌డ్రింకుకు పడుతుంది, సీలు బాటిల్ నీళ్లకూ పడుతుంది. గ్లాసులో పోసే నీళ్లకు మాత్రం పడదు. అవి ఓడలోనే సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి చేసినవి కావచ్చని తెలిస్తే కొందరు ఆ గ్లాసును అనుమానంగా చూస్తారు. నల్లగొండవాళ్లకు ఆ హక్కు ఉంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన జిల్లా అది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి శాస్త్రవేత్తలు 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు పెట్టారు. నీళ్ల గురించి ఆ జిల్లా మనిషి రెండుసార్లు అడిగితే విసుక్కోకూడదు.

ఇంటి నుంచి తెచ్చుకున్న మామిడికాయ తొక్కు సంగతి. ఇంట్లో వండిన, ఇంట్లో మూతకట్టిన పదార్థాలను సాధారణంగా ఓడలోకి రానివ్వరు. కంపెనీ సీలు ఉన్న ప్యాకెట్లను మాత్రం చాలాచోట్ల రానిస్తారు. పెట్టెల స్కానింగులో సీసా కనపడుతుంది. కరెంటు కెటిలూ, ఇస్త్రీపెట్టే కూడా పట్టుబడతాయి, ఓడలో అన్నింటికంటే పెద్ద భయం నిప్పు కాబట్టి. ఎట్లాగో దాటిన తొక్కు సీసా టేబుల్ మీదికి వచ్చిన రాత్రి మాత్రం విచారణలూ వివాదాలూ ఆగిపోతాయి. దుంపలు తినని కుటుంబం కూడా, "ఇసమే లహసున్ హై క్యా?" అని ఆశగా అడుగుతుంది. ఉంటుంది. మన తొక్కులో ఎల్లిగడ్డ లేకుండా ఎట్లుంటది?

ఇవేవీ పడనివారికి దారి ఉంది. ఓడ ఎక్కిన మొదటి మధ్యాహ్నమే భోజనశాల మేనేజరును కలిసి టేబుల్ మార్చమని అడగాలి. ఖాళీలు అప్పుడే ఉంటాయి. మూడో రాత్రి పోయి అడిగితే ప్రయాణమే అయిపోవస్తుంది. ఏం కారణం చెప్పాలన్నది మాత్రం ఆలోచించుకోండి. "మనోళ్ల టేబుల్ కావాలె" అంటే అతనికి అర్థం కాదు, తెలుగువాళ్లను అడుగుతున్నారేమో అనుకొని తెలుగువాళ్ల దగ్గరికే పంపుతాడు. అక్కడ ఏ ఊరు, అసలు ఊరు, పటేలు మీకేమైతడు, అన్నీ మొదటి నుంచి. అదీ దాటాక రీజినల్ రింగు రోడ్డు ఎవరి చేను పక్క నుంచి పోతుంది, గజం ఎంత పలుకుతుంది అన్న చర్చ మొదలవుతుంది. సముద్రం మధ్యలో, చుట్టూ గజం నేల లేని చోట, ఐస్‌క్రీం కరిగిపోతున్నా సరే.

చివరి రాత్రి పెద్ద పెట్టెలను ట్యాగు కట్టి గది బయట పెట్టమంటారు. మర్నాటి బట్టలు, మందులు, పాస్‌పోర్టు లేక ఆధార్ చేతిసంచిలో ఉంచుకోవాలి. మరిచినవాళ్లు నైటీ మీదో లుంగీ మీదో ఓడ దిగుతారు. అదే రాత్రి టేబుల్ దగ్గర ఫోన్ నంబర్లు మారతాయి. పేర్లు గుర్తుండవు కాబట్టి 'ఓడ దేవరకొండ', 'ఓడ కల్వకుర్తి బావ' అని సేవ్ చేసుకుంటారు. వద్దనుకునేవాళ్లు ఆ పూటకు పై అంతస్తు బఫేలో తినాలి, అది కూడా ఆ వేళకు తెరిచే ఉంటుంది. ఆ జాగ్రత్త పడనివాళ్ల వాట్సాప్‌కు ఆరు నెలలు తిరక్కుండానే 'ఓడ కల్వకుర్తి బావ' కూతురి లగ్గం పత్రిక వస్తుంది. పోక తప్పదు, వెయ్యి నూట పదహార్లు రాయించకా తప్పదు. ఫంక్షన్ హాలులో బావ ఎదురొచ్చి చెయ్యి పట్టుకొని, "ముందుగల్ల బువ్వ తినుండ్రి" అని బంతి దాకా తీసుకుపోతాడు. కుర్చీలన్నీ నిండి ఉంటాయి. దస్తీ తీసి, ఎవరి ప్లేటులో పెరుగు పడిందో చూసుకొని, ఆ కుర్చీ వెనకాల నిలబడాలి.