తొంభై తొమ్మిదేళ్ల లీజు గారికి ఒక అద్దె కాగితం రాసిన ఉత్తరం

మహారాజశ్రీ పెదనాన్నగారి పాదపద్మములకు, మీ దూరపు చుట్టం, పదకొండు నెలల ఇంటి అద్దె అగ్రిమెంటు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా ఈ నెలాఖరు దాకా క్షేమం. తమరు వచ్చే శతాబ్దం దాకా క్షేమమేనని విన్నాను కాబట్టి వేరే అడగడం లేదు.

నన్ను మీరు గుర్తుపట్టరు. నేను పుట్టింది హైదరాబాద్‌లో, ఒక జెరాక్స్ షాపులో, వంద రూపాయల స్టాంపు కాగితం మీద. నాది సొంత ఒళ్లు కూడా కాదు. పోయినేడాది ఇంకెవరికో కొట్టిన అగ్రిమెంటును కంప్యూటర్‌లో తెరిచి, పేర్లు మార్చి ప్రింటు తీశారు. రెండో పేజీలో పాత అద్దెదారు పేరు మార్చడం మరిచిపోయారు. ఆ పెద్దమనిషి ఇప్పటికీ నాలో కాపురం ఉంటున్నాడు. గోడలకు మేకులు కొట్టరాదు, ఏటా అద్దె పది శాతం పెంచబడును, ఖాళీ చేయునపుడు పెయింటింగ్ ఖర్చు అడ్వాన్సులో పట్టుకోబడును. ఒకటిన్నర పేజీలో నా బతుకు అయిపోయింది.

మీరలా కాదు. మిమ్మల్ని రాయడానికి లాయర్లు లండన్ నుంచి విమానంలో వస్తారట. మీ అనుబంధాలే అట్టపెట్టెల నిండా ఉంటాయట. మీలో "చట్టం మారితే పరిహారం" అనే మాట ఉంటుందని విని నేను రెండు రోజులు నిద్రపోలేదు. మా అద్దెదారుడికి నీళ్ల బిల్లు పెరిగితే ఆయన కడతాడు, కరెంటు పెరిగితే ఆయన కడతాడు, ప్రభుత్వం ఏ చట్టం మార్చినా ఆయనే కడతాడు. ఎదురు డబ్బులు అడగొచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ముందుగా ఒక చిన్న సందేహం. తొంభై తొమ్మిదే ఎందుకండీ? మనవాళ్లు పెళ్లిలో చదివించినా, గుళ్లో రాయించుకున్నా నూటపదహార్లు అంటారు. ఎప్పుడూ కాస్త ఎక్కువే వేస్తారు గానీ తక్కువ వేయరు. మీరేమో చెప్పుల షాపు ధరలాగా ఒకటి తగ్గించుకుని వచ్చారు. నూరు అంటే శాశ్వతంగా ఇచ్చేసినట్టు ఉంటుంది, తొంభై తొమ్మిది అంటే ఏదో అరువిచ్చినట్టు ఉంటుంది. సంతకం పెట్టినవాడు, సాక్షి సంతకం చేసినవాడు, ఆ రోజు పేపర్లో తిట్టినవాడు, ముగ్గురూ గడువు తీరే రోజుకి ఉండరు. ఉండేది కంపెనీ ఒక్కటే. దానికి బీపీ షుగర్లు ఉండవు.

మన చుట్టరికం ఎక్కడ కలుస్తుందో చూద్దామని వంశవృక్షం తిరగేశాను. నన్ను కన్నది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని అందులో దొరలు రాశారు. దాటకపోతే అక్కర్లేదు కదా అని మనవాళ్లు పన్నెండులోంచి ఒకటి తీసేసి నన్ను కన్నారు. తర్వాత మన రాష్ట్రంలో ఆ వెసులుబాటుకీ సవరణ తెచ్చారు గానీ జెరాక్స్ షాపు దాకా ఆ కబురు రాలేదు. అంటే మీరూ నేనూ ఒకే దొరల ఇంటి బిడ్డలం. మిమ్మల్ని పెద్దింటికి, నన్ను అవుట్‌హౌసుకి పంపారు, అంతే తేడా.

మీ చిన్నప్పటి ముచ్చట్లలో నాకు బాగా నచ్చింది రైలు కథ. 1849లో ఈస్టిండియా కంపెనీ రెండు రైల్వే కంపెనీలతో ఒప్పందం రాసుకుంది. భూమి 99 ఏళ్ల పాటు ఉచితం. పెట్టిన పెట్టుబడి మీద ఏటా 5 శాతం గ్యారంటీ. రైలు నడిస్తే మంచిదే. నడిచినా డబ్బు రాకపోతే ఆ తక్కువ పడింది భారతదేశపు పన్నుల్లోంచి, అంటే రైతు కట్టిన శిస్తులోంచి పూడుస్తారు. ఇంత చేశాక కూడా కంపెనీకి నచ్చకపోతే, ఆరు నెలల నోటీసిచ్చి లైను ప్రభుత్వానికి అప్పగించి, పెట్టుబడి మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. ఈ మాట చదివి నేను లేచి నిలబడ్డాను పెదనాన్నగారూ. మా అద్దెదారుడు రెండు నెలల నోటీసిచ్చి రెండు నెలల అడ్వాన్సు అడిగితే, ఓనరుగారు బాత్రూమ్ టైలు మీద గీత చూపించారు.

అప్పట్లో ఇక్కడ ఆర్థిక వ్యవహారాలు చూసి వెళ్లిన విలియం మాసీ దొర 1872లో పార్లమెంటు కమిటీ ముందు ఉన్నమాట చెప్పేశాడు. 5 శాతం ఖాయం అయ్యాక, తన డబ్బు ఇటుకా సున్నంగా మారినా, హుగ్లీ నదిలో పోసినా ఇంగ్లండ్‌లో కూర్చున్న షావుకారుకి ఒకటేనని. ఇంత నిజాయితీపరుడు ఈ రోజుల్లో టీవీ చర్చకి దొరకడు.

మన హైదరాబాద్‌కి కూడా ఆ రైలు అలాగే వచ్చింది. దాని పేరులోనే సిగ్గుపడకుండా పెట్టుకున్నారు, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అని. 1883లో లైను వరంగల్ మీదుగా చాందా (ఇప్పటి చంద్రపూర్) వైపు, బెజవాడ వైపు పొడిగించే పథకం వచ్చింది. ఇరవై ఏళ్లపాటు 5 శాతం నిజాం ఖజానా పూచీ. ఊళ్లో కొంతమంది చదువుకున్నవాళ్లు ఒక వింత కోరిక కోరారు. సంతకాలయ్యే ముందు ఆ షరతులేమిటో జనానికి చూపించండి అన్నారు. అలా అడిగినవాళ్లలో కాలేజీ ప్రిన్సిపాల్ అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు, సరోజినీ నాయుడుగారి నాన్నగారు. ఆయన్ని నగరం నుంచి పంపించేశారు. బండి 1889కి బెజవాడ చేరింది. నిజాం ఆ రైల్వేని కొనుక్కోవడానికి 1930 దాకా పట్టింది.

ఇప్పుడు అలా ఎవరినీ ఊరు దాటించరు, రోజులు మారాయి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడగొచ్చు. "వాణిజ్య రహస్యం, సెక్షన్ 8(1)(డి)" అని మర్యాదగా పోస్టులో జవాబు వస్తుంది. ఊరికి ఊరే మన ఊళ్లోనే ఉండి కూడా కాగితానికి అవతల ఉండిపోతుంది.

మీ తాతగారు 999 ఏళ్ల లీజు సంగతి కూడా తెలిసింది. 1886లో తిరువాన్కూరు సంస్థానం ముల్లపెరియార్ డ్యామ్ కోసం 8,000 ఎకరాలు మద్రాసు దొరలకి 999 ఏళ్లకి రాసిచ్చింది, ఎకరం ఏడాదికి 5 రూపాయల చొప్పున. ఆయన గడువు 2885లో తీరుతుంది. అప్పటికి డ్యామ్ సంగతి పక్కన పెట్టండి, రూపాయి అనే మాటకి అర్థం ఎవరైనా చెప్పగలరా! కెన్యాలో తెల్ల రైతులకి మొదట మీరు సరిపోయారు. తర్వాత మీరు చాలడం లేదని గొడవ చేసి 1915లో తాతగారిని తెప్పించుకున్నారు. నిజాం రాజ్యంలోని బేరారు (ఇప్పటి మహారాష్ట్రలోని విదర్భ వైపు) విషయంలో లెక్కల తలనొప్పి కూడా పెట్టుకోలేదు. 1902లో వైస్రాయి కర్జన్ దొర, నిజాం కూర్చుని, ఏడాదికి 25 లక్షలకి శాశ్వతమని రాసేసుకున్నారు.

మీరు వెళ్లని దేశం లేదు. హాంకాంగ్ పక్క భూములు 1898లో, లైబీరియాలో రబ్బరు తోటలకి 10 లక్షల ఎకరాలు 1926లో. ఆ లైబీరియాలో సాగు చేసిన ఎకరానికి ఏడాదికి 6 అమెరికా సెంట్లు ఇచ్చారట. చదివి మా ఓనరుగారు బాగా కలవరపడ్డారు.

ఈజిప్టులో మాత్రం మీకు కొంచెం మర్యాద తక్కువైంది, ఏమనుకోకండి. సూయెజ్ కాలువ 1869లో తెరిచిన రోజు నుంచి 99 ఏళ్లు కంపెనీదన్నారు. అరవై ఏళ్లు మిగిలి ఉండగానే కంపెనీకి బెంగ పట్టుకుని, ఇంకో 40 ఏళ్లు పొడిగించమని అడిగింది. 1910లో అక్కడి సభ కుదరదంది. మిగిలిన కాలం ఓపిక పట్టి ఉంటే 1968లో కాలువ దానంతట అదే చేతికొచ్చేది. కానీ 1956 జులై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ అలెగ్జాండ్రియాలో ఉపన్యాసం ఇస్తూ కాలువ తవ్వించిన లెసెప్స్ పేరు పలికాడు. అది సంకేతం. ఆయన ఇక్కడ మాట్లాడుతుండగానే అక్కడ ఆఫీసుల్లోకి మనుషులు వెళ్లిపోయారు. పన్నెండేళ్ల ముందే ఖాళీ చేయించిన ఓనరు మీ చరిత్రలో ఆయన ఒక్కడే అనుకుంటాను. పెయింటింగ్ ఖర్చు పట్టుకోలేదు, వాటాదారులకి తర్వాత పరిహారం కూడా ఇచ్చారు. ముందు ఆ దేశం మీద బాంబులు పడ్డాయనుకోండి.

కాలువ పోయిందని కంపెనీ ఇంట్లో కూర్చోలేదు. చేతిలో డబ్బుతో ఫైనాన్సు వ్యాపారం చేసి, 1997లో ఒక నీళ్ల కంపెనీతో కలిసింది. ఆ నీళ్ల కంపెనీ అప్పటికే 1993లో బ్యూనస్ ఐరిస్ ఊరి నీళ్లు 30 ఏళ్లకి తీసుకుని ఉంది. కాలువలో ఓడల దగ్గర వసూలు చేసిన చెయ్యి కుళాయి దాకా వచ్చిందన్నమాట. 2006లో అర్జెంటీనా ఆ కాంట్రాక్టు రద్దు చేస్తే మధ్యవర్తుల దగ్గర పరిహారం కూడా గెలుచుకుంది.

శ్రీలంకలో హంబన్‌టోట రేవు 2017లో 112 కోట్ల డాలర్లకి మీ పేరిట రాశారు. ఆ ఏడు పుట్టిన పిల్ల తొంభై తొమ్మిదో ఏట కర్ర పట్టుకుని వెళ్లి తాళాలు తీసుకోవాలి.

మన వైపు మీ పిల్లలు కూడా వృద్ధిలోకి వచ్చారు. వాళ్లది మీ అంత ఆయుష్షు కాదు గానీ తెలివి ఎక్కువ. శంషాబాద్ విమానాశ్రయం బాబు 30 ఏళ్లకే వచ్చాడు. కానీ ఇంకో 30 జేబులో పెట్టుకుని వచ్చాడు, అది బయటికి తీసి గడువు 2068 దాకా చేయించుకున్నాడు. ఆయన పుట్టిన రోజున బేగంపేట విమానాశ్రయం ప్రయాణికుల విమానాలకి మూతపడింది. 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రాకూడదని జాతకంలో రాసుకొచ్చాడు మరి. మా అద్దెదారుడు "పక్క పోర్షను ఎవరికీ ఇవ్వకండి, పిల్లల గోల" అంటే ఓనరుగారు ఎలా చూశారో మీరు చూడాల్సింది. అవుటర్ రింగ్ రోడ్డు అమ్మాయి 158 కిలోమీటర్ల పొడుగు, 2023లో 7,380 కోట్లకి 30 ఏళ్లు అత్తారింటికి వెళ్లింది. ముప్పై ఏళ్ల టోలు ముందే కలిపి తీసుకున్న డబ్బు ఎంతకాలం నిలుస్తుందో ఇంట్లో జీతం అడ్వాన్సు తీసుకున్నవాళ్లందరికీ తెలుసు.

మెట్రో అబ్బాయిది మరీ వేరే. 35 ఏళ్ల మాట మీద 2010లో కుదిరాడు. నష్టాలొస్తున్నాయని కంపెనీ పక్కకి తప్పుకుంటానంటే, 2025లో ప్రభుత్వం 13,000 కోట్ల దాకా అప్పు నెత్తిన వేసుకుని, వాటా కింద ఇంకో 2,000 కోట్లిచ్చి తీసుకోవడానికి ఒప్పుకుంది. 1849 నాటి ఆరు నెలల నోటీసు గుర్తొచ్చింది నాకు. విశాఖలోనైతే మీ పేరులోని అంకె మీద ప్రేమతోనేమో, ఒక పెద్ద ఐటీ కంపెనీకి 21 ఎకరాల పైచిలుకు 99 పైసలకి ఇచ్చారు. ఉద్యోగాలొస్తాయన్నారు. రావచ్చు, నేను కాదనను. చిల్లర ఒక పైసా తిరిగిచ్చారా లేదా అన్నదే నా బెంగ.

పెదనాన్నగారూ, మిమ్మల్ని నిందించడానికి కాదు ఇదంతా. నన్ను ఒక్క విషయం తొలుస్తోంది. నన్ను పదకొండు నెలలకి కట్ చేసింది భయంతో. పన్నెండో నెల ఉండనిస్తే ఈ గుమాస్తా ఇల్లు తనదేనంటాడేమోనని భయం. పొలంలో మా అన్న ఉన్నాడు, నోటిమాట కౌలు. వాడి ఆయుష్షు ఒక పంట. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వాడికో కార్డు ఇస్తామని చట్టం చేశారు. ఎన్నాళ్లకో తెలుసా, పదకొండు నెలలకి. అది కూడా భూమి యజమాని సంతకం పెడితేనే. యజమాని పెట్టడు, ఆయనకీ అదే భయం. తెలంగాణలో ఎకరానికి ఇంతని డబ్బు పంచిన రోజుల్లోనూ అది పట్టాదారు ఖాతాలో పడింది, నాగలి పట్టినవాడికి కబురు మాత్రం అందింది. ఎకరన్నర కౌలుదారుణ్ని చూసి ఇంత వణికే ఊళ్లో, రేవుకి రేవు, రోడ్డుకి రోడ్డు తాళాలు ఇచ్చేటప్పుడు ఒక్కరి చెయ్యీ వణకదు. రిబ్బను కత్తిరించడానికి కత్తెర కూడా వెండిది తెస్తారు.

ఇక ఉంటాను. ఈ నెల 30తో నా గడువు అయిపోతోంది. ఓనరుగారు పది శాతం అన్నది పదిహేను చేశారు, మా వాళ్లు కిరాణా షాపులో అట్టపెట్టెలు అడిగి తెచ్చుకుంటున్నారు. రెండో పేజీలో ఉన్న ఆ పాత అద్దెదారుణ్ని ఏం చేయాలో ఎవరికీ తోచడం లేదు. మీరు జవాబు రాసేటట్టయితే కొత్త అడ్రసుకి రాయండి. అది ఇంకా దొరకలేదు. మీకు తొందరేమీ లేదు కదా.

ఇట్లు,
తమ విధేయుడు,
పదకొండు నెలల అగ్రిమెంటు
(సాక్షి సంతకం: పక్కింటాయన. ఆయనా అద్దెకే ఉంటున్నాడు.)