‘కాస్త చూడండి’ గారికి

అయ్యా ‘కాస్త చూడండి’ గారూ,

నమస్కారం. క్షేమమా అని అడగను. ఏ ప్రభుత్వం వచ్చినా బదిలీ లేని ఉద్యోగం మీది.

మిమ్మల్ని ఒక్కసారే దగ్గర్నుంచి చూశాను. అధికారి బల్ల మీద మూడు దరఖాస్తులు. పెన్ను మూత తీసి పైదాని మీద సంతకం పెట్టబోతుండగా ఫోన్ మోగింది. అవతల నాయకుడుగారు. గొంతు పెద్దది కాబట్టి నాకూ వినపడింది: ‘‘మూడోది మనవాడిదే, కాస్త చూడండి.’’ అంతే. అధికారి ‘‘సార్, సార్’’ అంటూ కుర్చీలోంచి సగం లేచాడు, ఫోన్లో కనిపిస్తానన్నట్టు. పెన్నుకు మళ్లీ మూత పెట్టాడు. అడుగునున్న కాగితం పైకొచ్చింది. రూపాయి చేతులు మారలేదు.

అప్పట్నుంచీ నాకొకటే టెన్షన్. ఇంతకీ ఏం చూడమన్నట్టు? అర్హత చూడమనా? అడిగినవారి మొహం చూడమనా? లేక నీ బదిలీ సంగతి నువ్వు చూసుకోమనా? ఇదే మాట నేనంటే ‘‘రేపు రండి’’ అంటారు. బదిలీ చేయించగలిగినవాడు అంటే ఆజ్ఞ అయి కూర్చుంటుంది.

మీరు మంచి పనులూ చేస్తారు, కాదనను. ఎవరిదో పెన్షన్ ఆగిపోతే ‘‘ఎందుకాగిందో చూడండి’’ అని అడగడం ప్రజాప్రతినిధి పనే. ఆ మాట లెటర్‌హెడ్ మీద రాసి ఫైల్లో పెట్టుకోవచ్చు. మూడోది పైకి రావాలన్న ముక్క మాత్రం ఎందుకో కాగితమంటే సిగ్గుపడుతుంది.

మీ విదేశీ చుట్టాలూ ఘటికులే. 2019 జూలై 25న ట్రంప్ ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీతో ఫోన్లో మాట్లాడుతూ ‘మాకో సాయం చేయాలి’ అన్నారు. తన ప్రత్యర్థి బైడెన్ వ్యవహారం కూడా చూడమన్నారు. అచ్చం మీ మాటే! అప్పటికి ఉక్రెయిన్‌కు వెళ్లాల్సిన దాదాపు 39 కోట్ల డాలర్ల సాయం ఆగి ఉంది. ప్రతినిధుల సభ అభిశంసించింది, సెనెట్ వదిలేసింది.

అమెరికాలోనే వర్జీనియా రాష్ట్రపు మాజీ గవర్నర్ మెక్‌డొనెల్ కథ ఇంకా ముచ్చటైనది. ఒక వ్యాపారి నుంచి ఆయన కుటుంబానికి అందిన కానుకలు, అప్పుల విలువ 1,75,000 డాలర్ల పైమాటే. అందులో రోలెక్స్ వాచీ ఒకటి. ఆయనేమో ఆ వ్యాపారి కోసం మీటింగులు పెట్టించారు, అధికారులతో మాట్లాడారు. ఒకరికి ఫోన్ చేయడమో, మీటింగు పెట్టించడమో ఒక్కటే అయితే అది ‘అధికారిక చర్య’ కాదని 2016లో అమెరికా సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. ఆ తీర్పు ఫ్రేమ్ కట్టించి మీ ఇంట్లో పెట్టుకున్నారనుకుంటాను.

మన అవినీతి నిరోధక చట్టం 2018 సవరణతో ‘అనుచిత లబ్ధి’ అంది, అది డబ్బే కానక్కర్లేదంది. మీకేం కంగారు లేదులెండి. మీ రెండు మాటల్లో లబ్ధి ఎక్కడుందో ఏ వకీలు వెతికి పట్టుకుంటాడు?

దయచేసి దీనికి జవాబు రాతలో ఇప్పించండి. ఫోన్ వద్దు.

ఇట్లు,
ఆ బల్ల మీద మొదటి దరఖాస్తు నాదే.