సవరణ: రంగు చూసి టెకీలా వయసు చెప్పలేం

పీపాల్లో పెట్టిన టెకీలా (అగావే అనే మొక్క నుంచి తీసే మెక్సికో మద్యం) రుచి చూడటం గురించి రాసిన పోస్టులో "రంగు ఎంత ముదురుగా ఉంటే అంత పాతది" అన్నాను. అది తప్పు. మెక్సికో ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం సరైన సంగతి ఇది.

ఓక్ చెక్కలో కనీసం 2 నెలలు ఉంటే రెపోసాడో, ఏడాది ఉంటే అన్యెహో, 3 ఏళ్లు ఉంటే ఎక్స్‌ట్రా అన్యెహో. చివరి రెండింటికీ పీపా 600 లీటర్లు దాటకూడదు. రెపోసాడోకి ఆ పరిమితి లేదు, అందుకే పెద్ద పెద్ద తొట్లలో ఉంచినది లేత గడ్డి రంగులోనే ఉండిపోవచ్చు. బర్బన్ విస్కీకి ఒకసారి వాడేసిన పీపా కంటే లోపల కొత్తగా కాల్చిన పీపా రంగును త్వరగా ఇస్తుంది. పైగా కారమెల్ రంగు, ఓక్ సారం, గ్లిజరిన్, చక్కెర పాకం బరువులో 1 శాతం దాకా కలపడానికి అనుమతి ఉంది. సీసా మీద "100 శాతం అగావే" అని ఉన్నా సరే. క్రిస్టలీనో రకమైతే పీపాలో పెట్టాక బొగ్గుతో వడగట్టి రంగు తీసేస్తారు, నీళ్లలా కనిపిస్తుంది.

కాబట్టి గ్లాసును వెలుతురులో పెట్టి చూడటం కన్నా ముక్కును నమ్మండి. వెనిలా, దాల్చినచెక్క వాసనల కింద ఉడికిన అగావే తీపి, కాస్త మిరియం ఘాటు తెలుస్తున్నాయా చూడండి. నాకు మంచి అన్యెహో అంటే అదే: చెక్క ఎంత పట్టినా మొక్క వాసన పోకూడదు. వాసన చూసే పద్ధతి గురించి ఆ పోస్టులో రాసిన మిగతా భాగంలో మార్పు లేదు.