ఆసుపత్రి వాలంటీరు ఏ కాగితం మీద సంతకం పెడుతున్నట్టు?

అమెరికాలో మన పిల్లలు హైస్కూల్లో ఉండగానే ఆసుపత్రుల్లో వాలంటీర్లుగా చేరడం మామూలైపోయింది. మెడిసిన్ మీద ఆశ ఉన్నవాళ్లు కొందరైతే, ఉద్యోగం చేసే భర్త వెంట హెచ్-4 వీసా మీద వెళ్లి, ఇంట్లో ఖాళీగా కూర్చోలేక వచ్చే ఆడవాళ్లు ఇంకొందరు. అందరి చేతికీ ముందుగా వచ్చేది కాగితాల కట్టే. రోగుల వివరాలు బయటపెట్టను, ఇది ఉద్యోగం కాదు, జీతం అడగను, ఒప్పుకున్న గంటలు పూర్తి చేస్తాను... ఇలా సాగుతుంది. పిల్లలకు 18 నిండకపోతే అమ్మానాన్నలూ సంతకం పెట్టాలి. చాలామంది చదవకుండానే పెట్టేస్తున్నారు. చదివితే తెలుస్తుంది, అందులో రోగిని కాపాడే షరతులు వేరు, ఆసుపత్రిని కాపాడే షరతులు వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

గోప్యత షరతు మొదటి రకం. అమెరికాలో 1996 నాటి హిపా చట్టం కింద వచ్చిన రోగుల గోప్యత నిబంధనలు వాలంటీరును కూడా ఆసుపత్రి సిబ్బందిలోనే లెక్కేస్తాయి. జీతం లేదు కదా, నాకేం బాధ్యత అంటే కుదరదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో దీని విలువ మరీ ఎక్కువ. తెలిసిన ఆంటీని వీల్‌చెయిర్‌లో క్యాన్సర్ వార్డుకు తీసుకెళ్లిన అమ్మాయి, ఆ రాత్రి భోజనాల దగ్గర "ఆంటీ కనిపించారమ్మా" అన్నా చాలు. శనివారం గుడికొచ్చేసరికి నలుగురు ఆవిడను పరామర్శించడం మొదలుపెడతారు. ఆవిడ అప్పటికి సొంత పిల్లలకే చెప్పి ఉండకపోవచ్చు. కాబట్టి ఈ షరతు ఎంత కఠినంగా ఉంటే అంత మంచిది. టీబీ పరీక్ష, టీకాల షరతులూ అలాంటివే. మన దేశంలో పుట్టినవాళ్లకు చిన్నప్పుడు వేసిన బీసీజీ (టీబీ టీకా) వల్ల టీబీ చర్మ పరీక్ష పాజిటివ్ రావచ్చు. టెన్షన్ పడకుండా రక్త పరీక్ష అడగాలి, దాని మీద బీసీజీ ప్రభావం ఉండదు.

నా అభ్యంతరమల్లా రెండో రకం మీదే. "విధుల్లో గాయమైనా, జబ్బు చేసినా ఆసుపత్రికి సంబంధం లేదు" అనే అర్థం వచ్చే వాక్యం ఆ కట్టలో ఎక్కడో ఒకచోట ఉండొచ్చు. అమెరికాలో 1997లో వచ్చిన వాలంటీర్ల రక్షణ చట్టం, లాభాపేక్ష లేని సంస్థల్లో పనిచేసేవాళ్లు మామూలు పొరపాటు చేస్తే సొంతంగా నష్టపరిహారం కట్టే పరిస్థితి రాకుండా చాలావరకు కాపాడుతుంది. కానీ గాయపడింది వాలంటీరే అయితే? వాడి పారేసిన సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ నివారణ మందులు వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకముందే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆ ఖర్చు ఎవరిది? ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి?

మన దగ్గర సంగతి ఇంకోలా ఉంది. పెద్దాసుపత్రుల్లో ఓపీ చీటీ రాయించుకోలేని ముసలివాళ్లకు దారి చూపించే, స్ట్రెచర్ తోసే కుర్రాళ్లకు చాలాచోట్ల మెడలో ఒక కార్డు, రిజిస్టర్లో ఫోన్ నంబరు తప్ప ఇంకేమీ ఉండవు. నమ్మి చెప్పిన హెచ్ఐవీ సంగతి అనుమతి లేకుండా బయటపెట్టకూడదని మన దేశపు 2017 హెచ్ఐవీ చట్టం చెబుతోందని వాళ్లకు ఎవరు చెబుతున్నారు? మనసుంటే మార్గం లేకపోలేదు. 2020లో కరోనా విధుల్లోకి తీసుకున్న వాలంటీర్లను కూడా కేంద్రం 50 లక్షల రూపాయల బీమాలో చేర్చింది. కరోనా రోజుల్లో సాధ్యమైనది మామూలు రోజుల్లో ఎందుకు కాదు?

తెలుగులో ఒక్క పేజీ చాలు. హెపటైటిస్-బి టీకా ఆసుపత్రే వేయించాలి. సెలైన్ మార్చమని, మందులు ఇవ్వమని ఎవరు అడిగినా కాదనే హక్కు వాలంటీరుకు ఉండాలి. సూది గుచ్చుకుంటే చికిత్స పూర్తిగా ఉచితమని రాసి, కింద సూపరింటెండెంట్ కూడా సంతకం పెట్టాలి. అలా రాసివ్వని చోట వాలంటీరు, మొహమాటపడకుండా అడిగి రాయించుకున్నాకే వార్డులోకి వెళ్లాలి.